పచ్చగా బతకమని చెప్పే టీవీ ప్రచారాలను ఎంతవరకు నమ్మాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఈ ప్రచారాలను శంకించడమంటే వాతావరణ మార్పే లేదని వాదించడమా?

కాదు. భూమి వేడెక్కుతోందనీ, అందుకు ప్రధాన కారణం బొగ్గు, చమురు, సహజవాయువు మండించడమేననీ ఇక్కడ ఒప్పుకునే ముందుకు సాగుతున్నాం. ఆ మాటను పూర్తిగా నమ్మినవారికే ఈ ప్రచారాల మీద ఎక్కువ అనుమానం కలగాలి. సమస్య అంత పెద్దదని చెప్పిన నోటితోనే, పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయడమే పరిష్కారమని చెబితే, ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం ముందుగా వారికే కనిపిస్తుంది. కుళాయి కట్టేయమనడంలో తప్పు లేదు. ఆ మాట ఎవరు చెబుతున్నారు, ఎవరి డబ్బుతో చెబుతున్నారు, అది చెప్పడం వల్ల చెప్పకుండా తప్పించుకున్న మాట ఏది అన్నవే ఇక్కడ అడుగుతున్న ప్రశ్నలు.

ప్రశ్న: ఇలాంటి ప్రచారాలకు ఆరంభం ఎక్కడ?

కచ్చితమైన ఆరంభం చూపడం కష్టం గానీ, అమెరికాలో 1971 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు ప్రసారం మొదలైన ఒక ప్రకటన ఈ కోవలో అన్నిటికంటే పేరు పొందింది. సంప్రదాయ దుస్తుల్లో ఉన్న ఒక ఆదివాసి చిన్న పడవకు తెడ్డు వేసుకుంటూ, చెత్త తేలుతున్న నీటి మీదుగా, పొగ కక్కుతున్న కర్మాగారాల పక్కగా వచ్చి ఒడ్డు చేరతాడు. దారిన పోతున్న కారులోంచి ఎవరో విసిరిన చెత్త సంచి అతని కాళ్ల దగ్గర పడి చెదిరిపోతుంది. అతను కెమెరా వైపు తిరిగేసరికి కంటి నుంచి ఒక చుక్క జారుతుంది. కాలుష్యాన్ని మొదలుపెట్టేదీ మనుషులే, ఆపగలిగేదీ మనుషులే అన్న అర్థం వచ్చే నినాదంతో అది ముగుస్తుంది.

దాన్ని తయారు చేయించినది కీప్ అమెరికా బ్యూటిఫుల్ అనే సంస్థ. 1953లో దాన్ని స్థాపించినవారిలో డబ్బాలు తయారుచేసే అమెరికన్ క్యాన్ కంపెనీ, గాజు సీసాలు తయారుచేసే ఓవెన్స్-ఇలినాయ్ ఉన్నాయి. శీతల పానీయాల కంపెనీలు కూడా దానికి తోడయ్యాయి. సరిగ్గా ఆ ఏడాదే వెర్మాంట్ రాష్ట్రం, వాడి పారేసే సీసాల్లో బీరు అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన కిరాణా కొట్లలో ఒకప్పుడు కూల్‌డ్రింక్ తాగితే ఖాళీ సీసా తిరిగిచ్చేవరకు కొట్టతను కదలనిచ్చేవాడు కాదు, ఇంటికి పట్టుకెళ్తామంటే సీసా డబ్బులు అట్టిపెట్టుకునేవాడు. అమెరికాలోనూ పద్ధతి దాదాపు ఇదే. ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చి, కడిగి, మళ్లీ నింపే ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీలు వాడి పారేసే డబ్బాలకూ సీసాలకూ మారాయి. అవి రోడ్ల పక్కన గుట్టలు పడ్డాక, ఆ గుట్టలకు కారణం పారేసిన మనిషి నిర్లక్ష్యమేనని చెప్పే ప్రచారానికి డబ్బు పెట్టాయి. 1971లోనే ఒరెగాన్ రాష్ట్రం బీరు, శీతల పానీయాల డబ్బాలకూ సీసాలకూ డిపాజిట్ వసూలు చేసి, తిరిగిచ్చినప్పుడు వాపసు చేయాలనే చట్టం తెచ్చింది. ఇలాంటి చట్టాలు మిగతా రాష్ట్రాలకు పాకకుండా ఈ పరిశ్రమలు గట్టిగా పోరాడాయి, ప్రచార సంస్థ కూడా ఆ పక్షమే వహించింది. దాంతో 1970ల మధ్యలో పలు పర్యావరణ సంఘాలు దాని సలహా మండలి నుంచి తప్పుకున్నాయి.

ఆ ఆదివాసిగా కనిపించిన ఐరన్ ఐస్ కోడీ నిజానికి సిసిలీ నుంచి వలస వచ్చిన దంపతుల కుమారుడని 1996లో ఒక దినపత్రిక బయటపెట్టింది. 2023లో ఆ ప్రకటన హక్కులు అమెరికా ఆదివాసుల జాతీయ సంస్థకు చేరాయి, దాని వాడకాన్ని ఆ సంస్థ నిలిపివేసింది. నటుడి పుట్టుక గురించి జరిగినంత చర్చ సీసా పుట్టుక గురించి జరగకపోవడం విచారకరం. ప్రకటనలో కప్పిపుచ్చిన అసలు సంగతి రెండోదే.

ప్రశ్న: ఒక చానల్ మొత్తం ఈ పనికి దిగిన సందర్భం ఉందా?

ఉంది. అమెరికాలోని ఎన్‌బీసీ యూనివర్సల్ 2007 నవంబరు మొదటి వారాన్ని హరిత వారంగా ప్రకటించింది. నెమలి బొమ్మ ఉన్న చిహ్నం పచ్చ రంగులోకి మారింది. వార్తలు, ధారావాహికలు, ముచ్చట్ల కార్యక్రమాలు అన్నిటిలోనూ పర్యావరణం చొరబడింది. ఆదివారం రాత్రి ఫుట్‌బాల్ ప్రసారంలో స్టూడియో దీపాలు ఆర్పి, వ్యాఖ్యాతలు కొవ్వొత్తుల వెలుగులో మాట్లాడారు. మైదానంలో మాత్రం ఫ్లడ్‌లైట్ల కింద ఆట యథావిధిగా సాగింది. ఉదయపు కార్యక్రమం వ్యాఖ్యాతల్లో ఒకరిని ఆర్కిటిక్‌కు, ఇంకొకరిని అంటార్కిటికా వైపు, మరొకరిని భూమధ్యరేఖ మీది ఈక్వడార్‌కు పంపి, ప్రేక్షకులను కరెంటు పొదుపు చేయమన్నారు. భూమి మూడు కొసలకు విమానాల్లో వెళ్లి చెప్పాల్సిన విషయమా ఇది అని అప్పుడే చాలామంది అడిగారు.

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఉంది గానీ, దాన్నే ప్రధాన ఆక్షేపణ చేసుకుంటే అసలు విషయం జారిపోతుంది. వార్తాసంస్థలు దూరాలకు వెళ్లడం వాటి వృత్తి. మంచు కరగడాన్ని అక్కడికి వెళ్లి చూపించడంలో అర్థం ఉంది. కొవ్వొత్తుల తతంగానికి ఆ మాత్రం సమర్థన కూడా లేదు. ఆదా ఎంతో ఎవరూ లెక్క చెప్పలేదు, ఎందుకంటే అది ఆదా కోసం చేసిన పని కాదు, కనబడటం కోసం చేసిన పని.

విశేషమేమిటంటే, ఈ ప్రచారంపై అన్నిటికంటే పదునైన వెటకారం ఆ చానల్ నుంచే వచ్చింది. అదే వారంలో ప్రసారమైన ఒక హాస్య ధారావాహిక భాగంలో, యజమాని కంపెనీ ఉత్పత్తులు అమ్ముకోవడానికి చానల్ ఒక హరిత వీరుణ్ణి సృష్టిస్తుంది. కొద్దిరోజులకే ఆ పాత్రధారి తనను తాను నిజంగా లోకరక్షకుడనుకుని, పెద్ద కంపెనీలను తిట్టడం మొదలుపెట్టగానే యాజమాన్యం కంగారు పడుతుంది. మాజీ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ కూడా అందులో అతిథిగా కనిపించారు. తనమీద తానే నవ్వుకోగలిగిన చానల్‌ను మెచ్చుకోవచ్చు. అయితే ఆ నవ్వు కూడా హరిత వారం పద్దులోనే జమ అయిందని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: యజమాని ఎవరైతేనేం, సందేశం మంచిదే కదా?

ఎన్‌బీసీ యూనివర్సల్‌లో అప్పట్లో 80 శాతం వాటా జనరల్ ఎలక్ట్రిక్‌ది. ఆ కంపెనీ 2005లో ఎకోమ్యాజినేషన్ అనే పేరుతో తన గాలిమరలు, తక్కువ కరెంటు తినే బల్బులు, పొదుపైన విమాన ఇంజన్లు, గ్యాస్ టర్బైన్లు అన్నిటినీ ఒకే పచ్చజెండా కింద అమ్మడం మొదలుపెట్టింది. పాత బల్బు తీసేసి కొత్తది పెట్టుకోండని చానల్ చెప్పినప్పుడు, ఆ కొత్త బల్బులు తయారుచేసే కంపెనీల్లో యజమాని కూడా ఒకటి. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, బల్బు నిజంగానే మంచిదే కూడా. కానీ ప్రజాహిత సందేశానికీ సరుకు ప్రకటనకూ మధ్య ఉండాల్సిన గోడ అక్కడ లేదన్న సంగతి ప్రేక్షకుడికి తెలిసి ఉండాలి.

గోడ అవతల ఏముందో చూద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాలు రెండు, 1947 నుంచి 1977 వరకు పీసీబీలనే విషరసాయనాలను నదిలోకి వదిలాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం ఇది సుమారు 13 లక్షల పౌండ్ల వరకు, అంటే దాదాపు 590 టన్నులు. ఆ బురదను తవ్వి తీయాలని ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు, నది తనంతట తానే బాగుపడుతోందనీ, తవ్వితే విషం పైకి లేస్తుందనీ నచ్చజెప్పడానికి కంపెనీ 2000 ప్రాంతంలో స్థానిక టీవీల్లో పెద్ద ఎత్తున ప్రకటనలు గుప్పించింది. తవ్వకం చివరికి 2009లో మొదలై 2015 వరకు సాగింది. అంటే హరిత వారం జరిగిన 2007 నాటికి, చానల్ యజమాని చేయాల్సిన ఆ తవ్వకం ఇంకా మొదలే కాలేదు. ప్రేక్షకుడి ఇంట్లో బల్బు ఎంత కరెంటు తింటోందో అడిగే హక్కు టీవీకి ఉన్నట్టే, ఆ నదిలో బురద ఎప్పుడు తీస్తారని అడిగే హక్కు ప్రేక్షకుడికీ ఉంది. మొదటి ప్రశ్న వారమంతా వినబడింది.

ప్రశ్న: వినోద కార్యక్రమాల్లో మంచి అలవాట్లను చూపిస్తే నష్టమేమిటి?

ఎన్‌బీసీ ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసింది. సరుకును సన్నివేశంలో కనబడేలా పెట్టినట్టే, అలవాటును కూడా సన్నివేశంలో పెట్టడం: పాత్రలు మాటల మధ్యలో డబ్బాను రీసైక్లింగ్ బుట్టలో వేయడం, చెత్తను ఎరువుగా మార్చడం గురించి మాట్లాడుకోవడం వంటివి. ఆ వాతావరణం చుట్టూ తమ ప్రకటనలు రావాలనుకునే కంపెనీలను ఇది ఆకర్షిస్తుందని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ వివరంగా రాసింది. పాత్ర పండాల్సిన చోట పాఠం వినబడితే రచన చెడుతుందన్నది ఒక ఆక్షేపణ. అంతకంటే గట్టి ఆక్షేపణ, ఫలానా పని మంచిదని వాదించి ఒప్పించకుండా, అందరూ చేస్తున్నారనిపించి అలవాటు చేయించడం గురించినది. ఇవాళ పొదుపు కోసం వాడిన ఆ ఉపాయమే రేపు దేనికైనా పనికొస్తుంది.

బీబీసీ ఇదే చౌరస్తాకు వచ్చి వెనక్కి తిరిగింది. వాతావరణ మార్పు మీద రోజంతా సాగే ప్లానెట్ రిలీఫ్ అనే ప్రత్యేక ప్రసారాన్ని తలపెట్టి, 2007 సెప్టెంబరులో రద్దు చేసింది. భూమిని కాపాడటం బీబీసీ పని కాదని దాని సొంత సంపాదకుల్లోనే కొందరు బహిరంగంగా అన్నారు. ఆ రద్దును పిరికితనంగా పర్యావరణవాదులు తప్పుపట్టారు. రెండు పక్షాల్లోనూ న్యాయం ఉన్న వివాదం ఇది. నా మొగ్గు మాత్రం సంపాదకుల వైపే: వార్త చెప్పడం, ఉద్యమం నడపడం ఒకే చేత్తో జరిగితే మొదట నలిగేది వార్తే.

ప్రశ్న: ఒక గంట దీపాలు ఆర్పితే నిజంగా ఎంత మిగులుతుంది?

2007 మార్చి 31న సిడ్నీలో మొదలైన ఎర్త్ అవర్‌ను మన చానళ్లు ఏటా చూపిస్తాయి. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదు వెలుగుతున్నాయనుకుందాం. గంటసేపు ఆర్పితే మిగిలేది 45 వాట్-గంటలు, అంటే యూనిట్‌లో ఇరవయ్యో వంతు కంటే తక్కువ. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని లెక్క వేస్తే, ఆ గంటకు తగ్గేది 32 గ్రాములు. అదే సమయంలో పక్క గదిలో టన్నున్నర ఏసీ నడుస్తుంటే, అది రెండు మూడు నిమిషాల్లోనే అంత కరెంటు తినేస్తుంది. ఎర్త్ అవర్ నిర్వాహకులు కూడా ఇది సంకేతమాత్రమనే చెబుతారు. సంకేతానికి విలువ లేదని అనలేం గానీ, దాన్ని మెగావాట్లలో కొలిచి మరుసటి ఉదయం బులెటిన్‌లో విజయంగా చదవడం మాత్రం ప్రేక్షకుడిని తప్పుదోవ పట్టించడమే.

ప్రశ్న: ప్రచారాల వల్ల జనం అలవాట్లు మారినట్టు ఆధారాలు ఉన్నాయా?

తెలివిడి పెరిగినట్టు ఆధారాలు చాలా ఉన్నాయి, అలవాట్లు మారినట్టు తక్కువ. సముద్ర జీవుల మీద బీబీసీ 2017లో ప్రసారం చేసిన ఒక ధారావాహిక ప్లాస్టిక్ మీద బ్రిటన్ అంతటా గొప్ప కదలిక తెచ్చిందని చెప్పుకున్నారు. తర్వాత పరిశోధకులు ప్రయోగపూర్వకంగా కొందరికి అందులోని ఒక భాగం చూపించి, ఆనక వస్తువులు ఎంచుకోమని ఇస్తే, చూసినవారికి విషయ పరిజ్ఞానం పెరిగింది గానీ ప్లాస్టిక్‌ను ఎంచుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

పక్కన పెట్టి చూడాల్సిన ఉదాహరణ ఐర్లాండ్. 2002 మార్చిలో ఆ దేశం ప్రతి ప్లాస్టిక్ క్యారీబ్యాగ్ మీద 15 సెంట్ల పన్ను వేసింది. తలకు ఏడాదికి సుమారు 328 ఉన్న వాడకం 21కి పడిపోయింది. ఇంగ్లండ్ 2015 అక్టోబరులో పెద్ద దుకాణాల్లో కవరుకు 5 పెన్సుల రుసుము పెట్టాక అక్కడా వాడకం 80 శాతానికి పైగా తగ్గింది. అంతకు ముందు అదే జనం, అవే టీవీలు, అవే సందేశాలు. మారింది దుకాణం బల్ల దగ్గర అడిగే చిల్లర ఒక్కటే. రుసుముకు ముందు ప్రచారం జరిగి ఉండటం వల్లే జనం దాన్ని సులువుగా ఒప్పుకున్నారన్న వాదన ఉంది, అది కొట్టిపారేయాల్సినది కాదు. ఐర్లాండ్‌లోనూ పన్నుకు ముందు ప్రభుత్వం గట్టిగా ప్రచారం చేసింది. కానీ అక్కడ ప్రచారం ఒక నిర్ణయానికి దారి వేసింది, నిర్ణయానికి బదులుగా నిలబడలేదు.

ఇంకో రకం సందేశం కొంత పని చేసింది. అమెరికాలో ఓపవర్ అనే సంస్థ కరెంటు వాడకందారులకు, మీ ఇరుగుపొరుగుతో పోలిస్తే మీ వాడకం ఇంత ఉందని చూపే ఉత్తరాలు పంపింది. సుమారు 6 లక్షల ఇళ్ల మీద జరిగిన అధ్యయనంలో సగటున 2 శాతం వాడకం తగ్గింది. నటీనటులు లేరు, సంగీతం లేదు, ఎవరి బిల్లు వారికి చూపించారు. ఆ 2 శాతం చిన్నదే, అయినా కొలిచి చెప్పిన అంకె అది.

ప్రశ్న: మన దేశంలో ఈ పని టీవీకి ఎవరు అప్పగించారు?

చాలామందికి తెలియని సంగతి, ఇందులో సుప్రీంకోర్టు పాత్ర ఉంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పులో, సినిమా హాళ్లు ప్రతి ఆటలోనూ పర్యావరణం మీద కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయాలనీ, దూరదర్శన్, ఆకాశవాణి రోజూ కొన్ని నిమిషాలు, వారానికోసారి కొంచెం ఎక్కువసేపు ఈ విషయానికి కేటాయించాలనీ కోర్టు చెప్పింది. అదే తీర్పు పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయమంది. అప్పటికి ప్రైవేటు చానళ్లు ఇంకా బాల్యంలో ఉన్నాయి. స్పాన్సరు లేని సందేశాన్ని ఊహించుకుని కోర్టు ఆ మాట చెప్పింది.

స్పాన్సరు తర్వాత వచ్చాడు. ఎన్‌డీటీవీ 2008లో టొయోటాతో కలిసి గ్రీనథాన్ మొదలుపెట్టింది. ప్రియాంకా చోప్రా ప్రచారకర్తగా, సినీతారలు వరసగా వచ్చి కూర్చునే 24 గంటల ప్రత్యక్ష ప్రసారంలో విరాళాలు సేకరించి, టెరీ అనే ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థ ద్వారా కరెంటు లేని ఊళ్లకు సోలార్ లాంతర్లు ఇచ్చారు. న్యాయంగా చూస్తే ఇది ఎన్‌బీసీ హరిత వారం కంటే మెరుగు, ఎందుకంటే చివర్లో ఎవరో ఒకరి ఇంట్లో దీపం వెలిగింది. అయినా కార్ల కంపెనీ డబ్బుతో నడిచే కార్యక్రమంలో, నగరాల గాలి బాగుపడాలంటే రోడ్ల మీద కార్లు తగ్గి బస్సులు పెరగాలన్న చర్చ ప్రధానాంశం అవుతుందని ఆశించడం అమాయకత్వమే. 2015 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ వాహనాల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు ఆపినప్పుడు బాగా దెబ్బతిన్న కంపెనీల్లో టొయోటా ఒకటి. మరుసటి ఆగస్టులో 1 శాతం రుసుముతో ఆ నిషేధం తొలగింది.

ఇప్పుడు ప్రభుత్వమే ప్రచారకర్త. గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని 2021లో ప్రస్తావించి, 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో ప్రారంభించిన మిషన్ లైఫ్, పౌరుడు చేయదగిన 75 పనుల జాబితా వేసింది: సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడం, గుడ్డసంచి పట్టుకెళ్లడం, బస్సెక్కడం వంటివి. జాబితాలో అభ్యంతరకరమైనది ఏదీ లేదు. కానీ బస్సెక్కమని పౌరుడికి చెప్పేవాడే బస్సు నడపాల్సినవాడు కూడా అయినప్పుడు, బస్టాపులో నలభై నిమిషాలు నిలబడిన మనిషికి ఆ సందేశం శ్రీరంగనీతిలా వినిపిస్తే తప్పు అతనిది కాదు.

ప్రశ్న: ఎల్‌ఈడీ బల్బుల విషయంలో ప్రచారం ఫలించింది కదా?

ఫలించింది, ఎలా ఫలించిందో చూడాలి. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా అనే ఎల్‌ఈడీ బల్బుల పథకం కోసం, కరెంటు పొదుపు పనులు చూసే ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒకేసారి కోట్ల బల్బులు టెండర్ల ద్వారా కొనడంతో, 2014లో 310 రూపాయలు ఉన్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. దేశవ్యాప్త పథకానికి ముందే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో ఇంటింటికీ నామమాత్రపు ధరకు ఎల్‌ఈడీలు ఇచ్చినప్పుడు, వరసల్లో నిలబడ్డవారిని భూతాపం గురించి అడిగిన దాఖలా లేదు. బిల్లు తగ్గుతుందన్నారు, తీసుకున్నారు. ఏసీల విషయంలోనూ అంతే. 24 డిగ్రీల దగ్గర పెట్టుకోండని చెప్పి ఊరుకోకుండా, 2020 జనవరి 1 నుంచి ప్రతి కొత్త గది ఏసీ స్విచ్ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చారు. రిమోట్ నొక్కి ఎవరైనా తగ్గించుకోవచ్చు, అయితే ఆ శ్రమ ఇప్పుడు తగ్గించుకోవాలనుకునేవారిది. ఫ్రిజ్ మీద నక్షత్రాల లేబుల్ కూడా అలాంటిదే: పొదుపు చేయమని ఉపదేశించకుండా, ఏది పొదుపో కొనేచోటే చూపిస్తుంది.

ప్రశ్న: తెలుగు చానళ్లలో వచ్చే మట్టి గణపతి, మొక్కలు నాటే ప్రచారాల సంగతేమిటి?

రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు. వినాయక చవితి ముందు పదిరోజులు ప్రతి చానల్‌లోనూ మట్టి విగ్రహాన్ని పూజించమని చెబుతారు, ఆ సందేశం ఇళ్లలో బాగానే పనిచేసింది. కారణం, మట్టి బొమ్మ చవక, పైగా కాలుష్య నియంత్రణ మండలి, నగరపాలక సంస్థలు చాలాచోట్ల ఉచితంగా పంచుతాయి. హుస్సేన్‌సాగర్ సమస్య ఇంటి బొమ్మలతో వచ్చింది కాదు, వీధి మండపాల్లోని భారీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలతో వచ్చింది. వాటి విషయంలో కదలిక తెచ్చినవి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు, వాటిని హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయొద్దని 2021లో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. ఆ ఏడాదికి మాత్రం సుప్రీంకోర్టు ఆఖరిసారిగా సడలింపు ఇచ్చింది. 2022లో ఖైరతాబాద్ గణపతిని 50 అడుగుల ఎత్తున మట్టితో చేశారు. ప్లాస్టర్ బొమ్మల మీదే బతుకుతున్న హైదరాబాద్ ధూల్‌పేట కుటుంబాల గోడు ఈ ప్రచారాల్లో వినిపించకపోవడం వాటి పెద్ద లోపం.

మొక్కల విషయం వేరు. తెలంగాణలో 2015 జులైలో హరితహారం, 2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్ కుమార్ ప్రారంభించిన గ్రీన్ ఇండియా ఛాలెంజ్ మొదలయ్యాయి. రెండోదానిలో మూడు మొక్కలు నాటి మరో ముగ్గురిని పిలవాలి కాబట్టి, సినీతారలు గుంటలో మొక్క పెట్టి నీళ్లు పోసే దృశ్యం టీవీలకు నిత్యకృత్యమైంది. కెమెరాకు కావలసింది నాటే క్షణం, మొక్కకు కావలసింది తర్వాతి రెండు మూడు వేసవులు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ఈ తేడాను పట్టుకుంది: నాటినవాటిలో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి మీద చర్య ఉంటుందని చెప్పింది. సర్పంచ్‌కు పెట్టిన ఆ షరతు తారకూ చానల్‌కూ వర్తించదు. నాటిన చోటికే మూడేళ్ల తర్వాత కెమెరాతో తిరిగి వెళ్లే ఆనవాయితీ ఏ చానలైనా పెట్టుకుంటే ఈ సమాధానంలో సగం కొట్టేయవచ్చు.

ప్రశ్న: ప్రకటనల్లో పచ్చదనం గురించి అబద్ధం చెబితే అడిగేవారున్నారా?

ఉన్నారు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ మార్గదర్శకాలు 2024 ఫిబ్రవరి 15 నుంచి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు అదే ఏడాది అక్టోబరు నుంచి అమల్లో ఉన్నాయి. పర్యావరణహితం, గ్రీన్ వంటి మాటలు వాడితే ఆధారం చూపాలి. అయితే ఇవి సరుకు గురించి, సేవ గురించి చేసే దావాలకు. ఏ సరుకునూ పేర్కొనకుండా, ప్రకృతిని కాపాడుకుందాం రండి అని చిట్టచివర కంపెనీ గుర్తు చూపించే ప్రకటనలో నిరూపించాల్సిన దావానే ఉండదు. పేరు తెచ్చుకోవాలనుకునే కంపెనీకి ఆ రకమే సౌకర్యం.

ప్రశ్న: ఇదంతా ఏమీ చేయకుండా కూర్చోవడానికి సాకు కాదా?

అలా వాడుకునేవారు ఉంటారు. కంపెనీలు మారేదాకా నేను మారనని ఏసీ 18 దగ్గర పెట్టుకునే మనిషికీ, ప్రేక్షకులు మారితే చాలని చెప్పే కంపెనీకీ తేడా లేదు, ఇద్దరూ పనిని ఎదుటివారి మీదికి తోస్తున్నారు. గుడ్డసంచి పట్టుకెళ్లడం మానవద్దు. కానీ సంచి పట్టుకెళ్లే మనిషి వార్డు సభలో చెత్త విడిగా ఎందుకు తీసుకెళ్లడం లేదని కూడా అడిగితే, మొదటి పనికి టీవీ చప్పట్లు కొడుతుంది, రెండో పనికి కొట్టదు. టీవీ ప్రచారాల పౌరుడు ఎప్పుడూ కొనుగోలుదారుడే; ఓటరుగా, ఫిర్యాదుదారుగా, సంఘసభ్యుడిగా అతను అందులో కనిపించడు.

ప్రశ్న: తర్వాతి ప్రచారం చూసేటప్పుడు ఏం గమనించాలి?

అందులో ఉన్న క్రియాపదాలన్నీ మీకేనా, చెప్పేవారికి ఒక్కటైనా ఉందా అన్నది ముందు చూడండి. ఆపండి, తగ్గించండి, నాటండి అన్నవాటితో పాటు, మేము ఫలానా తేదీలోగా ఇంత తగ్గిస్తాం అన్న వాక్యం కూడా ఉంటే ఆ ప్రచారాన్ని గౌరవించవచ్చు. అడుగుతున్న పని పరిమాణం సమస్య పరిమాణంతో ఏ కాస్తయినా పొసగుతోందా, ఏడాది తర్వాత ఫలితం చెబుతామన్నారా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. విరామంలో వచ్చే ప్రకటనలు కూడా చూడండి. నీటిని కాపాడమన్న కార్యక్రమం మధ్యలో ఏయే కంపెనీలు సమయం కొన్నాయో గమనిస్తే కార్యక్రమం చెప్పనిది కొంత తెలుస్తుంది.

ప్రశ్న: మరి టీవీయే తినే కరెంటు గురించి టీవీ ఎప్పుడైనా చెబుతుందా?

తెరను చూడటం తగ్గించమని ఏ చానలూ అడగదు, అడిగితే దాని రేటింగ్‌కే దెబ్బ. అంతకంటే చిన్న విషయం, రిమోట్‌తో ఆపిన తర్వాత కూడా పనిచేస్తూ ఉండే సెట్-టాప్ బాక్స్. పాత రకం బాక్సుల్లో చాలావాటికి ఆపినప్పుడూ నడిచేటప్పుడూ వాడకంలో పెద్ద తేడా ఉండదు. 10 వాట్లు తినే బాక్సు రోజంతా అలా ఉంటే నెలకు 7 యూనిట్లు దాటుతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపితే అది సున్నా. ఉదయం మళ్లీ వేసినప్పుడు బొమ్మ రావడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఆలస్యం లేని బాక్సులు ఇవ్వమని కేబుల్, డీటీహెచ్ కంపెనీలను అడగాల్సినది మాత్రం ప్రేక్షకులూ నియంత్రణ సంస్థలూ కలిసే.